అత్తనోరు గుహలో బాణం గుర్తు

ప్రియమైన బకీజియో,

'ప్రియమైన' అన్నది చేతి అలవాటు. పొంగిపోకు.

నిన్న పెప్పా పిన్ని బార్లో, ఊరంతా కాఫీ తాగుతున్న వేళ, నా మీద ఎంత గొంతు చించుకున్నావు! "వినండయ్యా, గుహలో దారి కోసం నేను కట్టిన తాడు కోసింది ఈవిడే! విడాకులు పుచ్చుకున్నా కసి తీరలేదు మహాతల్లికి!" అన్నావు. పెప్పా పిన్ని కూడా విసుక్కుంది. "అరవకురా నాయనా, నీ సంసారం గొడవ వినలేకే నా మొగుడు చెవిటివాడయ్యాడు" అంది. అందరూ నవ్వారు. నేను కాఫీ డబ్బులు బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను. నా పక్కన కూర్చున్న చెక్ దేశపు డాక్టరమ్మ, మిలేనా, కాఫీ కప్పు పక్కకు నెట్టేసి గుమ్మం వైపు చూస్తోంది. ఆవిడ ముందు మళ్ళీ ఆ సంగతి ఎత్తడం నాకు ఇష్టం లేకపోయింది.

అవును, కోసింది నేనే. గుహలో ఎవరూ లేరని చూసుకునే కోశాను. ఎందుకో విను.

మంగళవారం మిలేనాను అత్తనోరు నీటిగుహలోకి తీసుకెళ్ళాను. తిరిగి వస్తుంటే ఆవిడ కాలికి తొడుక్కున్న ఈత రెక్క అడుగున తగిలి బురద లేచింది. నా టార్చ్ వెలుగు నా చేతికే కనపడలేదు. ఒక చేత్తో ఆవిడ మణికట్టు, ఇంకో చేత్తో తాడు పట్టుకుని కదిలాను. తాడు రెండుగా చీలిన చోట వేళ్ళకు తాడుకు బిగించిన బాణం బిళ్ళ తగిలింది. బాణం మొన ఎటుంటే బయటికి దారి అటు. నాకీ విద్య నేర్పింది నువ్వే. మొన కుడివైపుకు ఉంది. ఎడమకు వెళ్ళాలని నాకు బాగా గుర్తు. అయినా మళ్ళీ తడిమాను. మొన పక్కన నువ్వు చాకుతో పెట్టే గాటు తగిలింది. నీ చేతి బాణమే. ఇక నా జ్ఞాపకాన్ని పక్కన పెట్టి కుడికి తిరిగాను.

ఎక్కడికి తీసుకెళ్ళింది నీ బాణం? పాము చేప కూడా ఆలోచించుకుని దూరే ఇరుకులోకి. నా వీపు మీది సిలిండర్లు పైరాతికి ఠంగుమని కొట్టుకున్నాయి. వెనక మిలేనా గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి. ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి, కావాలంటే వచ్చి చూడు. ఆవిడను వెనక్కి నెట్టుకుంటూ, వచ్చిన దారినే చీలిక దాకా వెళ్ళి, ఎడమకు తిరిగి బయటపడ్డాను. సిలిండర్లో గాలి ఎంతుందో చూపే ముల్లు ఎర్రగీత లోపలికి వచ్చేసింది. ఒడ్డుకు వచ్చాక మిలేనా అడిగింది, "ఆ తాడు కట్టిందెవరు?" అని. నా మాజీ మొగుడని చెప్పలేక సిలిండర్లు విప్పడం మొదలుపెట్టాను.

నీకు మతి పోయిందో, కళ్ళు పోయాయో, లేక నా మీద కక్షతోనే తిప్పావో నాకు తెలియదు. ఏదైనా నువ్వు నీళ్ళలో ఉండకూడదు. సోమవారం ఓడరేవు కెప్టెన్ మురా గారి దగ్గరికి వెళ్ళి నీ లైసెన్సు రద్దు చేయమని అడుగుతాను. నీకు వేరే బతుకు తెలియదని నాకు తెలుసు. తెలిసే అడుగుతాను.

ఒక్క మాట ఎవరికీ చెప్పనిది చెబుతున్నాను. నీ మాట నమ్మడం ఎప్పుడో మానేశాను. నువ్వు కట్టిన తాడును మాత్రం నమ్మాను. మన కాపురంలో నాకు మిగిలింది అదొక్కటే. దాన్నీ పోగొట్టావు. రాస్తుంటే ఏడుపొస్తోంది. కోపంతోనే అనుకో.

ఒకప్పటి నీ
బొనారియా

*

బొనారియా, తల్లీ,

నీ ఉత్తరం చదివి గిన్నె విసిరేశాను. మిలేనాకు జరిగిందానికి కాదు, నీ తెలివికి.

నా మతీ బాగుంది, కళ్ళూ బాగున్నాయి. ఆ బాణం బయటికే చూపిస్తోంది! నువ్వు చెప్పే ఇరుకు దాటితే గుహ మళ్ళీ విచ్చుకుంటుంది. అక్కడి నుంచి కొండ అవతలి వైపు సముద్రంలోకి తేలతావు. రెండో నోరు! ఇంతకాలం మనం దాని పక్కనుంచే వెళ్ళాం. చలికాలమంతా ఒక్కణ్ణే తిరిగి కనిపెట్టాను. ఆ చీలిక దగ్గర నుంచి పాత దారి కంటే అదే దగ్గర. దగ్గరి దారి ఎటుంటే మొన అటే పెట్టాలి కదా. పెట్టాను. ఇంకో నాలుగు బారలు నన్ను నమ్మి ఉంటే ఇద్దరూ ఎండలో తేలేవాళ్ళు. నువ్వు నమ్మలేదు. వెనక్కి తిరిగి, ఆ డాక్టరమ్మను చావు దాకా తీసుకెళ్ళింది నువ్వు. పైగా నా తాడు కోశావు. తాడు కోసేవాళ్ళను మన పనిలో ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

నాకెందుకు చెప్పలేదని అడుగుతావు. జడ్జిగారి ముందు నిలబడి, "ఈ మనిషి మాట ఒక్కటి కూడా నమ్మను" అన్నావు గుర్తుందా? మా అమ్మ వింటోంది, మీ అన్నయ్య వింటున్నాడు. ఆ రోజే అనుకున్నాను, ఇక ఈవిడకు ఏమీ చెప్పనని. రెండో నోరు దొరికిన రోజు మొదట నీకే చెప్పాలనిపించింది. మీ ఇంటి మలుపు దాకా వచ్చి వెనక్కి పోయాను.

నువ్వు సోమవారం శ్రమపడి వెళ్ళనక్కర్లేదు. ఇవాళ పొద్దున్నే నేనే వెళ్ళి లైసెన్సు మురా గారి బల్ల మీద పెట్టాను. ఆయన అద్దాలు తీసి చూశాడు. "బాణం సరైనదే అంటున్నావు. మరి ఇదెందుకయ్యా ఇస్తున్నావు?" అన్నాడు. "అదే గుహలో ఇంకో మనిషి తిరుగుతోంది సార్. ఆవిడకు చెప్పలేదు" అన్నాను.

కానీ బాణం సరైనదే. అది మాత్రం ఊరంతా చెప్పు.

బకీజియో

*

బకీజియో,

నీ మాట నమ్మి కాదు, నీ మాట అబద్ధమని తేల్చడానికే వెళ్ళాను. మిలేనా పడవలో కూర్చుంది. ఈసారి నీలాగే సిలిండర్లు పక్కలకు తగిలించుకుని, నా సొంత తాడు పరుచుకుంటూ దిగాను.

రెండో నోరు ఉంది. ఇరుకు దాటగానే నీళ్ళు నీలంగా వెలిగాయి. పైకి తేలి, మాస్కు తీసి, నీ పేరు పెట్టి గట్టిగా తిట్టాను. అంత అందమైన చోటు నాకు చెప్పకుండా దాచుకున్నందుకు.

తర్వాత వెనక్కి వచ్చి ఆ ఇరుకును చేతులతో కొలిచాను. సిలిండర్లు విప్పి ముందుకు తోసుకుంటూ పోతే మనిషి అందులో పడతాడు. వీపు మీద కట్టుకుని వస్తే పట్టడు. సరిగ్గా నువ్వు చెప్పిన నాలుగు బారల చోట రాయి కిందికి దిగి ఉంది. అక్కడ ఇరుక్కుంటే ముందుకూ లేదు, వెనక్కూ లేదు. మంగళవారం నావి వీపు మీదే ఉన్నాయి. మిలేనావీ వీపు మీదే. నిన్ను ఇంకో నాలుగు బారలు నమ్మి ఉంటే మా ఇద్దరినీ బయటికి లాగడానికి నువ్వే రావాల్సి వచ్చేది.

నువ్వు అబద్ధమాడలేదు. నిజమే చెప్పావు, నీ ఒక్కడి కొలతకు. ఆ దారిలో ఇంకెవరైనా పట్టగలరా అన్న ఆలోచనే నీకు రాలేదు. నీతో కాపురం చేసినన్నాళ్ళూ నా బాధ ఏమిటో నాకే సరిగ్గా చెప్పడం వచ్చేది కాదు. ఇప్పుడు వచ్చింది.

మురా గారికి ఇదంతా చెప్పాను. లైసెన్సు కొన్నాళ్ళు ఆయన సొరుగులోనే ఉండనివ్వమన్నాను. నీ గుహ గురించి మాత్రం ఊరంతా చెప్పాను, రెండో నోరు కనిపెట్టింది నువ్వేనని. పెప్పా పిన్ని నీ పేరు మీద అందరికీ మిర్తో సారా పోసింది. నేనూ తాగాను.

చీలిక దగ్గర నీ బాణం తీసేసి, పాత దారికి ఒకటి, కొత్త దారికి ఒకటి, చెరో వైపుకు మొన పెట్టి రెండు బిగించాను. ఇరుకు ముందు పలక కట్టి, వీపు మీద సిలిండర్లున్నవాళ్ళు వెనక్కి పోవాలని చెక్కాను. నీళ్ళలోకి మళ్ళీ దిగినప్పుడు నా ముడులు చూడు. ఎక్కడైనా తప్పు కనిపిస్తే వచ్చి తలుపు కొట్టు. లోపలికి రానివ్వను. గుమ్మంలోనే నిలబడి చెప్పు, వింటాను.

బొనారియా