పిడికెడు బియ్యం

పూజ్యురాలైన అక్క పాదాలకు, మలయా రబ్బరు తోటలో కూలీల హాజరు రాసుకునే తమ్ముడు రంగన్న దండాలు.

ముందుగా నా మహాపరాధాలను మన్నించాలి. మూడు నెలలుగా ఉత్తరం రాయలేదు. సిరా పలచన. అక్షరాలు కోడి గీకినట్టున్నాయి. ఇంతటి పాపిని నువ్వు కాక ఎవరు క్షమిస్తారు? అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావ ఇంకా సైకిలు మీదే బడికి పోతున్నాడా? నేను క్షేమం. నిజంగానే క్షేమం. రోజూ వాన, రోజూ డబ్బా చేప, అంతే.

ఇక్కడి అడవిలో కమ్యూనిస్టు టెర్రరిస్టులు ఉన్నారా లేరా అన్నదే ఇప్పుడు దేశమంతా వాదం. చెట్టుకొకడు ఉన్నాడంటుంది ఇంగ్లీషు పేపరు. ఎక్కువ కూలి అడిగినవాడికల్లా దొరలు పెట్టిన పేరది అంటుంది తమిళ పేపరు. మా కల్లు దుకాణం రెండు పార్టీలైంది. పక్క తోటలో మేస్త్రీని కాల్చి చంపాక మాత్రం రెండు పార్టీలూ పొద్దుండగానే తలుపులు వేసుకుంటున్నాయి. నేనూ వేసుకుంటున్నాను. భయపడకు.

పోయిన నెల పోలీసు దొర అందరినీ ఆఫీసు ముందు కూర్చోబెట్టి అదే ప్రశ్న అడిగాడు. గంటసేపు వాదన. మరునాడు కూలీల ఇళ్ళు సోదా చేస్తే వెంకమ్మత్త ఇంట్లో కుండెడు బియ్యం దొరికాయి. రేషను రోజుల్లో ఇన్ని బియ్యం అడవిలోవాళ్ళకు కాక ఎవరికని ఆమెను పట్టుకున్నారు.

వెంకమ్మత్తది మన తళవాయిపురం. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ రబ్బరు పాలు తీస్తోంది. నేను దిగిన రోజే, "ఇంత బక్కగా ఉండావే తంబీ, కాలేజీలో కూడే పెట్టలేదా?" అని పులుసన్నం పెట్టిన మనిషి.

"ఎవరికిస్తాను సామీ? ఎసట్లో పోసేముందు పిడికెడు తీసిపెట్టినాను, మారెమ్మ పొంగలికి. మా అమ్మ పెట్టింది, నేనూ పెట్టినాను" అంది. అలాంటి ఆచారం ఉందనడానికి రుజువేదన్నాడు దొర. మా ఇంట్లోనూ ఉందన్నాను. "నువ్వూ ఆమె ఊరివాడివేగా" అని నా మాట కొట్టేశాడు.

వచ్చే నెల విచారణ. జైలైనా వేస్తారు, ఓడైనా ఎక్కిస్తారు. తళవాయిపురంలో ఆమెకిప్పుడు ఎవరూ లేరు. నేను స్టేషనుకు అన్నం తీసుకుపోయినప్పుడల్లా, "నా కుండ సంగతి వీళ్ళకెవరు చెప్పినారు తంబీ?" అని అడుగుతుంది.

కనుక అక్కా, బావ చేత ఇంగ్లీషులో ఒక కాగితం రాయించు. మన పక్క ఆడవాళ్ళు రోజూ పిడికెడు బియ్యం అమ్మవారికి తీసిపెడతారని. మునసబు సంతకం ఉండాలి, ముద్ర ఉండాలి. విమానం టపాలో పంపు. అప్పడాలు వద్దు, ఊరగాయ వద్దు, ఇదొక్కటే.

అమ్మకూ బావకూ దండాలు. పెద్దలందరి దీవెనా కావాలి. ఈసారి మాటవరసకు అడగడం లేదు.

వెంకమ్మత్త అడిగినదానికి జవాబు నీకైనా రాయాలి. ఆ రోజు ఆఫీసు ముందు అందరూ బిగుసుకుని కూర్చున్నారని, కాస్త నవ్విద్దామని, లేచి ఇంగ్లీషులో అన్నాను: "అడవిలో ఎవరూ లేకపోతే మా వెంకమ్మత్త దాచే కుండెడు బియ్యం ఎవరు తింటున్నట్టు దొరా?" ఇంగ్లీషు వచ్చిన నలుగురూ నవ్వారు. తన పేరు వినబడిందని వెంకమ్మత్త అందరికంటే ఎక్కువ నవ్వింది. పోలీసు దొర మాత్రం నవ్వకుండా రాసుకున్నాడు.

నీ తమ్ముడు,
రంగన్న, బి.ఏ.