మనం కాదు, మేము

ఏవండీ,

డ్యూటీకి వెళ్తున్నాను. పప్పుచారు స్టవ్ మీదే ఉంది, వేడి చేసుకోండి. తినేముందు మోటెల్‌కి ఫోన్ చేయండి. ఆరింటి దాకానే రూమ్ మన పేరు మీద ఉంచుతారట. నంబరు ఈ కాగితం వెనక రాశాను. ఎంతమంది అని అడిగితే ఇద్దరమే అని చెప్పండి.

ఊరు లూయిస్, డెలావేర్‌లో ఉంది. పోయినేడు వెళ్లిన ఓషన్ సిటీ మళ్లీ వద్దనుకున్నాను. లూయిస్‌లో జెయింట్ వీల్ లేదు, జనం లేరు, మన చర్చివాళ్లెవరూ ఇంతవరకు వెళ్లలేదు. మ్యాపులో దాని పేరు వెతుక్కోవాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంది. అందుకే నచ్చింది.

చర్చి నుంచి దైవాశీర్వాదం గారు ఫోన్ చేసి వీకెండ్ సంగతి అడిగితే "మేము బీచ్‌కి వెళ్తున్నాం" అని చెప్పండి. పోయినేడు మీరు ఆయనతో "శనివారం మనం బీచ్‌కి వెళ్తున్నాం" అన్నారు. తమనీ కలిపే అన్నారనుకుని ఆయన ఇంకో రెండు కుటుంబాలను వెంటపెట్టుకుని, రైస్ కుక్కర్‌తో సహా వచ్చేశారు. పెళ్లిరోజు నాడు నేను పద్నాలుగు మందికి పులిహోర కలిపాను. ఆయన తప్పేం లేదు. మీరు "మేము" అని ఉంటే ఆయనకి అర్థమయ్యేది.

టవల్స్ కార్‌లో పెట్టాను, తియ్యకండి.

వసంత

ఇంకొకటి. ఈ మధ్య ఇంట్లో "నేను తినేశాను", "నేను పడుకుంటున్నా" అనే వినిపిస్తోంది. అక్కడ ఆ రెండు రోజులైనా నాతో "మనం" అనండి.