దాటేసిన పేజీ

కుప్పం,
ఆదివారం.

చిరంజీవి మునీశ్వరికి నాయన దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని అలవాటు కొద్దీ రాసి, 'అందరం' కొట్టేశాను. మీ అమ్మ పోయాక ఈ గదిలో ఉన్నది నేనొక్కడినే. నేను క్షేమం. మదనపల్లెలో నువ్వూ అల్లుడు గౌతమూ బాగుండాలి.

బస్సు పార్సిల్లో నువ్వు పంపిన బీపీ మాత్రలు అందాయి. వాటితో పెట్టిన చీటీలో నాలుగు ప్రశ్నలు అడిగావు. మాత్రలు పొద్దున్నే వేసుకుంటున్నాను. వంట నేనే చేసుకుంటున్నాను. ఒక పూటకని సంగటి గెలికితే రెండు పూటలకు వస్తోంది. ఒక్కడికి సరిపడా గెలకడం ఇంకా చేతకాలేదు. బడి నుంచి వచ్చాక ఏం చేస్తావన్నావు. స్టేషనుకు పోయి బెంచీ మీద కూర్చుంటాను. బెంగళూరు రైలు వచ్చి పోయేదాకా ఉండి గదికి వస్తాను. నేను ఎక్కించవలసిన వాళ్లూ లేరు, దిగవలసిన వాళ్లూ లేరు.

నాలుగో ప్రశ్న, నిఖత్ టీచర్ కాన్పు సెలవులో ఉంటే ఆరోగ్యం క్లాసులో ఆడపిల్లల పాఠం ఎవరు చెప్తున్నారని. నువ్వు నర్సువి కాబట్టి నీకు అది తట్టింది. ఫోన్లో అడిగినప్పుడు మాట మార్చాను. ఫోన్లో నాకు తిన్నావా, తిన్నాను దాటి మాట రాదు. అందుకే ఈ ఉత్తరం.

ఎవరూ చెప్పలేదు. మా బడిలో ఉండేది ఇద్దరం టీచర్లం. కోపం వస్తే ఏం చేయాలి, తాకకూడని చోట ఎవరైనా తాకితే ఎవరికి చెప్పాలి, ఇవన్నీ ఐదో తరగతికి నేనే చెప్పాను. ఒళ్లు ఎదగడం గురించిన పేజీ వచ్చేసరికి, అది నిఖత్ టీచర్ వచ్చి చెప్తుందిలే అనుకుని దాటేశాను. ఉదయ్ కిరణ్ అనే పిల్లవాడు "సార్, ఒగ పేజీ ఇడిసిపెట్టినారు" అన్నాడు. కూర్చోమన్నాను.

దాదాపు మూడు వారాల కిందట ఒక మంగళవారం, మధ్యాహ్నం అన్నాలయ్యాక, లెక్క చేయమని ఇందును బోర్డు దగ్గరికి పిలిచాను. తనకు పదకొండో ఏడు. లెక్కంటే అందరికన్నా ముందు లేచే పిల్ల. ఆ రోజు లేవలేదు.

"యాల అట్లే కూసోనుండావు? లేస్తావా, నన్నే ఆడికి రమ్మంటావా?" అని గద్దించాను.

లేచింది. గౌను వెనక మరక చూసి మగపిల్లలు నవ్వారు. తనకేం జరిగిందో తెలియక ఆ పిల్ల గౌను ముందుకు లాక్కుని చూసుకుంటోంది. నేను బోర్డు వైపు తిరిగి, ఆ లెక్క నేనే చేయడం మొదలుపెట్టాను. వంట చేసే నారాయణమ్మ వచ్చి, తన కొంగు కప్పి తీసుకుపోయింది. పోతూ పోతూ, "అన్ని పుస్తకాలు సదివినారు, ఒగ తువ్వాలు ఇయ్యను తెలీలేదా సార్?" అంది.

మర్నాడు ఇంటి వెనక కొబ్బరాకు గుడిసె వేసి ఇందును కూర్చోబెట్టారు. తొమ్మిది రోజులు మగవాళ్ల కంట పడకూడదు, నీకు తెలిసిందే. ఏడో రోజు వాళ్ల నాయన కుమార్ బడికి వచ్చాడు.

"ఇంగ సదువు సాలు సార్. అందురూ నవ్వినారంట, బడికి పోనంటాండాది. నేను గూడా సరే అంటిని."

"నేను మాట్లాడతాను కుమార్."

"యాడ మాట్లాడతారు? గుడిసెలో ఉండాది. కన్నోణ్ణి, నేనే మొగం సూడలేదు."

ఆ మధ్యాహ్నమే ఆ పేజీ క్లాసులో చెప్పాను, మగపిల్లలకు కూడా. పుస్తకం మీది నుంచి తల ఎత్తలేదు. అయినా ఎవరూ నవ్వలేదు. సాయంత్రం పుస్తకం తీసుకుని ఇందు వాళ్లింటికి పోయాను. వాళ్లవ్వ వాకిట్లోనే ఆపింది.

"ఏం సార్, హాజరు పట్టీ ఈడికే తెచ్చినారా?"

"గుడిసె వైపు సూడనమ్మా. వీపు పెట్టి కూసుంటా. సదివి పోతా."

ఆమె స్టూలు తెచ్చి వేసింది. గుడిసెకు వీపు పెట్టి, కట్టేసిన ఆవు వైపు మొగం పెట్టి, గట్టిగా చదివాను. ఇది దెబ్బ కాదు, రోగం కాదు, ఎదిగే ఆడపిల్లలందరికీ వచ్చేదేనని చదివాను. గోడ అవతల పాత్రలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. చివర, "తప్పు నాది ఇందూ. ఆ పేజీ నేను ముందే చెప్పాల్సింది" అన్నాను.

ఆకుల వెనక నుంచి ఇందు గొంతు వినపడింది.

"సార్, మునీశ్వరక్కకు గూడా ఇట్లే సదివి సెప్పినారా?"

పోయినేడు నువ్వు బడికి వచ్చి పిల్లల పళ్లు చూసి పోయావు కదా, నీ పేరు మరచిపోలేదు.

"లేదమ్మా."

"యాల సార్?"

నేను మళ్లీ పుస్తకంలో పేజీలు తిప్పాను. "సార్‌కే లెక్క రాలేదు సూడు" అని అవ్వ నవ్వింది.

మునీశ్వరీ, పుంగనూరులో నిన్ను గదిలో కూర్చోబెట్టినప్పుడు నేను మదనపల్లెలో ట్రైనింగులో ఉన్నానని నీకు చెప్పారు. నువ్వు ఇప్పటికీ అదే నమ్ముతున్నావు. "పాపం, అప్పుడు నాయన ఊళ్లో లేడు" అని నీ పెళ్లిలో మీ అత్తతో అనడం నేను విన్నాను.

ట్రైనింగు లేదు. మొదటి రోజు సాయంత్రం మామూలుగానే ఇంటికి వచ్చి సైకిలుకు స్టాండు వేశాను. ఆ చప్పుడు విని నువ్వు కిటికీ తలుపు వెనక నుంచి, "నాయనా, నాకేమయింది? సచ్చిపోతానా?" అన్నావు. రెండుసార్లు అడిగావు. నేను చప్పుడు కాకుండా స్టాండు తీసి, సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాను. తొమ్మిది రోజులూ బడిలోనే పడుకున్నాను. నేను ట్రైనింగులో ఉన్నానని, ఆ సాయంత్రం ఎవరూ రాలేదని నీకు చెప్పమని, మర్నాడు బడికి వచ్చిన మీ అమ్మకు చెప్పింది నేనే. పోయేదాకా ఆమె ఆ మాట దాటలేదు. ఇప్పుడు అది తెలిసినవాణ్ణి నేనొక్కడినే మిగిలాను.

మొన్న సోమవారం ఇందు బడికి వచ్చింది. పొద్దున వెనక వరసలో కూర్చుంది. మధ్యాహ్నం బోర్డు మీద లెక్క వేసి, ఎవరు చేస్తారని మాత్రం అడిగాను. పేరు పెట్టి పిలవలేదు. తనే లేచి వచ్చి చేసింది. ఆరో తరగతికి పంపేదీ లేనిదీ కుమార్ ఇంకా చెప్పలేదు. మళ్లీ పోయి అడుగుతాను.

ఆ పిల్ల "యాల" అని, ఎందుకని అడిగినదానికి జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. సిగ్గు అని రాసి చూశాను, చాలలేదు. నువ్వు అడిగినదానికి జవాబు మాత్రం నాకు ఆ రోజే తెలుసు. పదహారేళ్లకు రాస్తున్నాను. నీకేమీ కాలేదమ్మా. నువ్వు చచ్చిపోవు.

ఇట్లు,
ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన
మీ నాయన,
దాసప్ప