గిరిబాబు సారుకు శాలువా ఒక్కటే చాలదు

పుంగనూరు,
మే 2006.

ప్రిన్సిపాల్ సారుకు నమస్కారం.

మీ కాలేజీలో అడ్మిషన్లు చూసే గిరిబాబు సారు రిటైరవుతున్నారని, సన్మానం చేస్తున్నారని తెలిసింది. శాలువా కప్పినాక ఆయన్ని మా ఇంటికి కూడా పంపండి.

మా లోకేష్ కుప్పంలో మీ దగ్గర చేరిన మొదటి ఏడే జ్వరంతో పోయాడు. ఆ సంగతి తెలియక సారు, కాలేజీ మంచిదని నాతో చెప్పించడానికి బిడ్డను చేర్పించాలనుకునే మదనపల్లె వాళ్ళను తీసుకొచ్చి, "మీవాడు ఎట్లుండాడమ్మా?" అని అడిగారు. పోయాడని చెప్పడానికి నోరు రాలేదు. "బాగుండాడప్పా" అన్నాను. తర్వాత తెలిసి సారు ఏడ్చారు. అయినా ఏటా ఎవరినో తెచ్చి అదే అడుగుతారు. ఆ కాసేపే మా ఇంట్లో వాడు ఉన్నట్టు మాట్లాడేది.

అట్లా ఏటా మా మాటల్లోనే లోకేష్ పాసయ్యాడు, బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు, పోయినేడు మేనేజరయ్యాడు. "అప్పుడే మేనేజరంటే ఎవురు నమ్ముతారమ్మా, ఇంకో రెండేండ్లు ఆగాల్సింది" అని సారు కోప్పడ్డారు కూడా.

ఈ ఏడు వాడికి పెండ్లి చేయాలి. సారు రాకుంటే పెండ్లి మాటలు ఎవరు మాట్లాడతారు?

ఇట్లు,
లోకేష్ అమ్మ