పగ్గాల ముడి

మరిదీ,

అంతా క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. కరెంటు స్తంభమెక్కి తీగలు బాగుచేస్తుండగా షాక్ కొట్టినప్పటినుంచి మీ అన్న వేళ్ళకు స్పర్శ లేదు. ఆఫీసులో కూర్చునే పని ఇస్తామన్నా వద్దన్నారు. ఇన్నేళ్ళూ ఈ కొండదారుల్లో గుర్రం మీద తిరిగి లైన్లు చూసిన మనిషి కదా!

నిన్న పొద్దున మళ్ళీ గుర్రమెక్కారు. పగ్గాలు చేతుల్లోంచి జారిపోతుంటే, "మణికట్లకు కట్టెయ్యవే" అన్నారు.

"అది బెదిరితే మిమ్మల్ని ఈడ్చుకుపోతుందండీ!"

"ఒక్కసారి కట్టు. నీకు పుణ్యముంటుంది."

పెళ్ళయ్యాక ఆయన నన్ను బతిమాలడం అదే మొదలు. కట్టాను. వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

క్షేమంగానే వచ్చారు. ముడి విప్పుతుంటే నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! మళ్ళీ కట్టమంటే నేను కాదనలేను. నీ మాటైతే వింటారు. వెంటనే బయలుదేరి రా.

మీ వదిన