మూతలో మిగిలిన గింజ

ఫిబ్రవరి 3
ల్యాబ్‌లో కొత్త పని. ఒక జాబితాలో ఉన్నవన్నీ ఇంకో జాబితాలో ఉన్నాయో లేదో చెప్పే ప్రోగ్రాం రాయాలి. మేడం నోట 'ఉపసమితి' అనే మాట వచ్చింది. ఉపసమితి... పదో తరగతిలో చదివిందే. ఇవాళ ఎందుకో కొత్తగా ఉంది. ఇంటిదాకా దాన్నే అనుకుంటూ నడిచా.

ఫిబ్రవరి 4
ప్రోగ్రాం మా షాపు కోసమే రాస్తే? పెళ్లిళ్లకు అద్దెకు పోయిన వంట సామాను ఒక జాబితా. తిరిగొచ్చింది ఇంకోటి.
పేర్లు టైపు చేస్తూ ఆగి ఆగి చదువుకున్నా. ఊరంతటికీ అన్నం ఉడికే గుండిగ. డేక్సా. జల్లిగంటె — పలుకుతుంటేనే నూనెలోంచి బూరెలు తేలుతున్నట్టుంది.

ఫిబ్రవరి 6
మద్దిలేటప్ప వాళ్ల పెళ్లి సామాను ట్రాక్టరులో వచ్చింది. అదే వేళకు ఇంకో ఇంటి డేక్సాలూ దిగాయి. గోదాములో అంతా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయింది.
అవ్వ ఎప్పటిలాగే గడప దగ్గర, చింతగింజలతో. గుండిగల లెక్కకొక డబ్బా మూత, డేక్సాల లెక్కకొక మూత. ఒకటి పోతే ఒక గింజ వేస్తుంది, ఒకటి వస్తే ఒక గింజ తీస్తుంది.
నా ప్రోగ్రాం చెప్పింది: అన్నీ ఉన్నాయి. అవ్వ మూతలో ఒక గింజ మిగిలింది.
"సుంకన్నా, ఒగ గుండిగ తక్కువుండాది."
"పాప కంప్యూటర్ అన్నీ ఉండాయంటాంది గదమ్మా. గింజ ఎక్కువేసింటావులే." నాన్న.
ఆదివారం చర్చి విందుకు మూడు గుండిగలూ పంపుతామని మాటిచ్చేశాడు.
అవ్వ గింజలన్నీ పెరట్లో పారబోసింది. ఆ ఒక్కటీ కిటికీలో పెట్టింది.

ఫిబ్రవరి 7
మేడం బాగుందన్నారు. అయినా... ఆ గింజ.

ఫిబ్రవరి 8
దొరికింది. తప్పు నాదే. జాబితాలను సెట్లుగా, అంటే సమితులుగా, మార్చా. సెట్‌లో ఒక పేరు ఎన్నిసార్లున్నా ఒక్కసారే లెక్క. మూడు గుండిగలు పోయి రెండే వచ్చినా, 'గుండిగ' ఉంది కదా, దానికంతే చాలు.
మళ్లీ రాశా. పోయిన జాబితాకు నకలు తీసి, వచ్చిన ఒక్కోదానికి అందులో ఒకటి కొట్టేయాలి. చివర ఏమైనా మిగిలితే అదే లోటు. రాశాక నవ్వొచ్చింది. ఇది అవ్వ మూతే.
మిగిలింది: గుండిగ.
అవ్వకు చెప్పా, నీ గింజే నిజమని.
"నాకు తెల్దా ఏందిమే. ముప్పై ఏండ్ల నుంచి చేస్తాండా."
"మరి ఆ పొద్దు గట్టిగా చెప్పకపోతివే?"
"నీ మొగం శానా ఎలిగిపోతాండె. యాడ ఆర్పేదిలే అనుకుంటి."
నాన్న మద్దిలేటప్పకు ఫోన్ చేశాడు. అటువైపు గొంతు నాకూ వినబడింది — "అన్నీ ఏసి పంపిస్తిమి గదప్పా... ఉండు, దొడ్లో ఎతికిస్తా."

ఫిబ్రవరి 9
మద్దిలేటప్ప ఇంకా ఫోన్ చేయలేదు. చర్చి పెద్దాయన పొద్దున్నే ఆటో తెచ్చాడు. రెండు గుండిగలు ఎక్కించాం.
"మూడోది యాడప్పా?"
"వస్తాండాది." నాన్న నా వైపు చూడలేదు.
అవ్వ కొత్త చింతగింజలు కడిగి ఆరబెట్టింది. నన్ను పిలిచి, పోయిన రెండింటికి రెండు గింజలు నా చేతే వేయించింది.
"నువ్వు టైపు కూడా చెయ్ మే. రెండూ ఒగటే చెప్తే నిమ్మళంగా ఉంటాది."
చేశా. రెండూ ఒకటే చెప్పాయి. మూడో గింజ మాత్రం కిటికీలోనే ఉంది.
సందు మలుపులో ట్రాక్టరు చప్పుడు... మా ఇంటికేనో కాదో. లేచి చూడాలి.