యావోర్ గొంతుకు అనుమతి

నా పిచ్చి నెవ్కా,

నీ ఉత్తరం కూడబలుక్కుని చదివాను. మీ సేవాసంస్థ తరఫున నీ తమ్ముడు, మన యావోర్, రోజూ ముసలివాళ్ళకి ఫోన్ చేసి పేపరు చదివి వినిపించేవాడు కదా. ఇప్పుడు వాడు పోయాడు గనుక వాడి గొంతు మెషిన్‌కి నేర్పి, దానిచేత ఫోన్లు చేయిస్తామని, మీ సంస్థ పెద్ద కాలిన్ గారు నా అనుమతి అడుగుతున్నారని రాశావు. మెషిన్ ఏం చేయవచ్చో ఏం చేయకూడదో ఆ నియమాలు నువ్వే రాస్తున్నావట. నాకు నియమాలేం తెలుసు తల్లీ. వాడి గొంతు భూమ్మీద ఎక్కడో ఒకచోట వినబడుతుందంటే వద్దనడానికి నోరు రాలేదు. సంతకం పెట్టి పంపుతున్నాను. నాకూ ఒకసారి ఫోన్ చేయించు.

నీ అమ్మ,
స్తామెనా

ప్రియమైన అమ్మకు,

సంతకం అందింది. కుటుంబం ఒప్పుకుంటే చాలని నియమాల్లో రాయమన్నారు కాలిన్ గారు. మాట్లాడేది మెషిన్ అని ముందే చెబుదామని నేనంటే, "చెబితే పెద్దవాళ్ళు ఫోన్ పెట్టేస్తారమ్మా. వాళ్ళకి కావలసింది ఇంత తోడు" అన్నారు. పరీక్షగా మన ఊళ్ళో కొందరికి ఫోన్లు వెళ్తున్నాయి. నీకు చేయించడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు. గురువారం మా సంస్థ పాలకవర్గం ఆ నియమాలను ఖాయం చేస్తుంది. ఏమైనా అనిపిస్తే ఆలోపే రాయి.

నీ నెవెనా

నెవ్కా, నా బంగారూ,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, గురువారంలోపు అందాలని.

మన పక్కింటి దోన్కా అవ్వ చలికాలమంతా కూతురి దగ్గరుండి మొన్ననే వచ్చింది. వాడు పోయిన సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. సాయంత్రం వాడి గొంతు ఫోన్లో పేపరు చదివిందట. మర్నాడు పొద్దున్నే మన గేటు మీద వాడి ఫొటోతో అంటించిన చావు కాగితం చూసింది. పరపరా చింపేసి లోపలికొచ్చింది.

"ఏ దరిద్రుడు అంటించాడే ఇది? నిన్న నాతో నవ్వుతూ మాట్లాడినవాడికి! నువ్వు తల్లివేనా, చూస్తూ ఊరుకున్నావు?"

ఎవరికీ నోటితో చెప్పే పని లేకుండా ఆ కాగితమే చెబుతుందని కదా, మనవాళ్ళు గేటుకి అంటించేది. మొదటిసారి నా నోటితో చెప్పాను. చచ్చిపోయాడు అవ్వా, అని. ఆమె మెట్టు మీద కూలబడింది.

"మరి నాతో మాట్లాడిందెవరే?"

ఆమెకి వాడు ఒక పూట బతికొచ్చి, నా ఎదుటే మళ్ళీ చచ్చాడు.

నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. మెషిన్ అయితే మెషిన్ అని మొదటి మాటలోనే చెప్పాలని రాయి. పోయినవాళ్ళ గొంతు ఎవరికీ అరువివ్వకూడదని రాయి. తల్లి ఒప్పుకున్నా సరే. ఆ సమయంలో తల్లికి తానేం చేస్తోందో తెలియదు. నాకు కూడా ఫోన్ చేయించకు. ఎంత అడిగినా చేయించకు.

కొత్త కాగితం అంటించాం. పోయినవాడి పేరిట పంచే గోధుమలు అవ్వే ఉడకబెట్టి తెచ్చి పంచింది. కాలిన్ గారికి కోపం వస్తుందేమో, నీ ఉద్యోగమే పోతుందేమో, నాకు తెలియదు. పాలకవర్గం ముందు నిలబడి మాట్లాడాలంటే ఒంట్లో సత్తువుండాలి. వేళకి కడుపునిండా తిను.